గేటు కట్టిన ఆదివారం

ఆ ఆదివారానికి కొద్ది రోజుల ముందు, తెల్లారేసరికి ఆకాశం బూడిద పూసినట్టుంది. మబ్బు పట్టింది గానీ అది కురిసే మబ్బు కాదు. ముషీరాబాద్ దిక్కు నుంచి మెల్లగా జరిగి పద్మారావు నగర్ మీదికొచ్చి ఆగిపోయింది. గాలి లేదు. అపార్టుమెంటు ముందరి కానుగ చెట్టుకు ఒక్క ఆకు కదలడం లేదు.

వాచ్‌మన్ బిక్షం సంపు మూత జరిపి, వంగి, లోపలికి చూశాడు. నల్లా సన్నగా వస్తోంది. మోటారు వేసి పైపు మీద అరచెయ్యి పెట్టి ఆగాడు. నీళ్లు ఎక్కేటప్పుడు పైపు వణుకుతుంది. ఆ వణుకు చేతికి తగిలేదాకా అతను కదలడు. తగిలింది. అప్పుడు చీపురు అందుకున్నాడు. గేటు ముందు ఊడ్చాడు, నీళ్లు చల్లాడు, కార్ల అద్దాలు తుడిచాడు. తుడిచిన బట్టను బకెట్లో జాడించి, పిండి, గేటు ఊచకు ఆరేశాడు.

అన్నీ అయ్యాక సెల్లారులో తన గది ముందు కూర్చున్నాడు. కిటికీ లేని గది అది. ఇనుప తలుపు. అపార్టుమెంటు కట్టేటప్పుడు సిమెంటు బస్తాలు తడవకుండా లేపిన గది. ఇప్పుడు అందులో ఒక మంచం, చిన్న గ్యాసు పొయ్యి, ట్రంకు పెట్టె, గోడకు ఎల్లమ్మ పటం ఉన్నాయి. భార్య విజయమ్మ రాత్రి మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలిపి పళ్లెం అతని ముందు పెట్టింది. ముద్ద నోటి దాకా వచ్చిందో లేదో కారు హారన్ కొట్టింది.

బిక్షం ముద్ద పళ్లెంలో వేసి లేచాడు. ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకొని, ఎడమ చేత్తో గొలుసు విప్పి, భుజంతో గేటు నెట్టాడు. కారులో అసోసియేషన్ సెక్రటరీ పద్మనాభం. అద్దం దించాడు.

“ఆ అన్నమేదో గేటు కాడ్నే కూసోని తినరాదు? ఇంతసేపా?”

“సరే సార్.”

తిరిగొచ్చేసరికి పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి ఉంది. విజయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. పై ఇండ్లల్లో గిన్నెలు తోమే చేతులు. వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఒరిసి ఉంటాయి.

“తిన్న ముద్ద ఎన్నడన్న సక్కగ కడుపుల పడ్డదా నీకు? నిద్రల సుత హారన్ ఇనవడితే నీ మోకాలు లేస్తది.”

“ఊకో, ఎవలన్న ఇంటరు.”

“ఇననీ.”

ఆ మాట అంటుండగానే మూడో అంతస్తు అభిరామ్ మెట్లు దిగి వచ్చాడు. లీలాకుమారి గారి కొడుకు. కంప్యూటర్ ఉద్యోగం, ఇంట్లోనే కూర్చొని చేస్తాడు. కరోనా అప్పుడు మందులు ఎక్కడున్నాయో, ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కొని ఈ అపార్టుమెంటుకు తెచ్చి పెట్టింది అతనే. అప్పటి నుంచి వయసులో పెద్దవాళ్లు కూడా అతని మాట వింటారు.

“బిక్షం, కారెక్కు. మార్కెట్ పనుంది. నీ కాళ్ల కింద పేపర్ వేశాను, దాని మీద పెట్టుకో.”

బిక్షం మోకాళ్లు దగ్గరికి పెట్టుకొని కూర్చున్నాడు. పేపర్ మీద నగలు పెట్టుకున్న ఎవరో పెళ్లికూతురి బొమ్మ ఉంది. మడమ దాని ముఖం మీద పడకుండా పక్కకు జరిపాడు.

రెజిమెంటల్ బజార్‌లో ఇనుప సామాను దుకాణం ముందు ఆగారు. గడ్డపారలు, పారలు, గొడ్డళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. దుకాణం అతని పేరు పర్వతాలు. బుగ్గన వక్క పెట్టుకొని నములుతున్నాడు.

“ఏం కడుతున్రు సార్?”

“కట్టడం కాదన్నా. డిఫెన్స్.”

“ఎవలతోని లొల్లి?”

“జాంబీలు.”

పర్వతాలు నమలడం ఆపాడు. “ఏ బస్తీ వాళ్లు?”

అభిరామ్ పగలబడి నవ్వాడు. “చచ్చి లేచినవాళ్లు అన్నా. వచ్చి కరుస్తారు. కరిస్తే మనమూ అట్లాగే అయిపోతాం. నిజంగా వస్తారని కాదు. వస్తే ఏం తింటాం, ఎక్కడ దాక్కుంటాం, దేంతో కొడతాం, అంతా ముందే అనుకొని పెట్టుకుంటే రేపు ఇంకేం వచ్చినా ఆ ప్లానే పనికొస్తుంది. కరోనాకి మనకి ఏ ప్లానూ లేదు. చూశాం కదా.”

“గట్ల చెప్పున్రి. పోలీసోళ్లు అడిగితే మాత్రం నా దుకాణం పేరు చెప్పకున్రి. గొడ్డలి కట్టెలు కొట్టనీకి ఇస్తున్న.”

అభిరామ్ ఒక గొడ్డలి తీసి చేతిలో ఊపి చూశాడు. ఇంకోటి తీశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

“బిక్షం, ఇట్లా నిలబడు. అటు తిరుగు. నిటారుగా.”

బిక్షం తిరిగాడు. అతని మెడ పైన, పుర్రె మొదలయ్యే చోట ఒక వేలు వచ్చి ఆనింది.

“ఇక్కడన్నా. ఛాతీ మీద ఎన్ని కొట్టినా లాభం లేదంట. ఇక్కడ పడాలి. ఈ హైట్‌కి ఈ పిడి చాలుతుందా?” అభిరామ్ గొడ్డలి ఎత్తి, నెమ్మదిగా దించి, ఆ చోట ఆనించాడు. ఇనుము చల్లగా తగిలింది.

“సార్, మనిషి మీద పెట్టి సూడొద్దు,” అన్నాడు పర్వతాలు.

“ఏం కాదన్నా. మనోడే.”

బిక్షం రోడ్డు అవతల చూస్తూ నిలబడ్డాడు. ఒకామె అరటిపళ్ల బండి మీద ఈగల్ని తోలుతోంది. గొడ్డలి తీశాక కూడా ఆ చోట ఇంకా చల్లగానే ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు గడ్డపారలు, గొడ్డళ్లు, వెదురు కర్రలు అన్నీ అతనే భుజాన వేసి కారు దాకా మోశాడు. ఇంటికొచ్చాక చేతులు కడుక్కొని, తడిచేత్తో మెడ వెనక తుడుచుకున్నాడు. విజయమ్మ చూసింది.

“ఏమైంది?”

“ఏంలే. చెమట.”

*

శుక్రవారం సాయంత్రం సెల్లారులో మీటింగ్ పెట్టారు. బిక్షం ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. స్తంభానికి ఒక అట్ట కట్టి అభిరామ్ అపార్టుమెంటు బొమ్మ గీశాడు. మెట్లు, లిఫ్టు, ట్యాంకు, గేటు. పిల్లల దగ్గర నుంచి పెద్దవాళ్ల దాకా అందరూ వచ్చారు. సినిమాకు వచ్చినట్టు ఉన్నారు. నవ్వులు బాగా ఉన్నాయి.

బిక్షం టీ గ్లాసుల పళ్లెం పట్టుకొని వరస వరసకూ తిరుగుతున్నాడు.

“నీళ్లు ట్యాంకులో ఉంటాయి. బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు, మందులు, అన్నీ ఒకే చోట స్టోర్ చెయ్యాలి,” అన్నాడు అభిరామ్. “కిటికీ ఉండకూడదు. తలుపు గట్టిగా ఉండాలి. మన బిల్డింగ్‌లో అట్లాంటి రూమ్ ఒకటే ఉంది.”

అతని వేలు వాచ్‌మన్ గది మీద ఆగింది.

“మరి వాళ్లెక్కడ ఉంటారురా?” అంది లీలాకుమారి.

“మెట్ల కింద జాగా ఉంది కదమ్మా, మీటర్ల పక్కన. అయినా అప్పుడు బిక్షం గేట్ దగ్గరే ఉంటాడు. ఫస్ట్ లైన్.”

“అంటే మొదట కరిచేది బిక్షంనే అన్నట్టు,” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

“కరిస్తే రూల్ ఒకటే,” అన్నాడు అభిరామ్, తనూ నవ్వుతూ. “జాలి పడకూడదు. లోపలికి రానివ్వకూడదు. ఎవరో ఒకరు కొట్టెయ్యాలి. వాలంటీర్స్?”

ఒక చెయ్యి లేచింది. ఇంకో చెయ్యి లేచింది. పిల్లలు రెండు చేతులూ ఎత్తారు.

“అయ్యో పాపం, అతను మంచోడండీ,” అంది లీలాకుమారి, పళ్లెం లోంచి గ్లాసు తీసుకుంటూ. “ఏం బిక్షం?”

పద్మనాభం కుర్చీలో వెనక్కి వాలాడు. “కొట్టే ముందు మోటరు ఎట్ల ఎయ్యాల్నో అడిగి కొట్టున్రి. మీకెవ్వలికి రాదు.”

ఈసారి నవ్వు చాలాసేపు ఉంది. బిక్షం పళ్లెం వంగకుండా పట్టుకున్నాడు. అతనూ నవ్వబోయాడు. పెదవులు కొంచెం కదిలాయి. అంతలో స్తంభం వెనక, చీపురు పట్టుకొని నిలబడ్డ విజయమ్మ కనిపించింది. ఆమె నవ్వడం లేదు. అతనివైపే చూస్తోంది. అతని పెదవులు ఎట్లా కదిలాయో కూడా చూసింది.

ఆదివారం డ్రిల్ అని తేల్చారు. పొద్దున గేటు మూసి, పొద్దుగూకేదాకా తెరవకుండా ఉండి చూడాలి. శనివారం సాయంత్రానికి గది ఖాళీ కావాలి.

కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాక బిక్షం గదిలోకి వెళ్లాడు. విజయమ్మ మంచం కోడు పట్టుకొని కింద కూర్చుంది.

“నిన్ను సంపుతమని చేతులు లేపిన్రు. నువ్వు చాయ్ ఇచ్చినవ్.”

“ఆటనే అది.”

“ఆట కాకపోతే రూము ఎందుకు గుంజుకుంటున్రు? బియ్యం బస్తా కూడ ఆటదేనా?” ఆమె గొంతు పెంచలేదు. “పిల్లలు రెండు చేతులు లేపిన్రు సూడు. వాళ్లల్ల చిన్నదాన్ని బడి ఆటో ఎక్కించేది నువ్వేనాయె.”

బిక్షం ఎల్లమ్మ పటం ముందు దీపం వత్తి సరిచేశాడు. అది సరిగానే ఉంది.

*

శనివారం పొద్దున పద్మనాభం కారు కడుగుతూ బిక్షం అడిగాడు. పద్మనాభం వాకింగ్ బూట్లు వేసుకుంటున్నాడు.

“సార్, జెర రూము సంగతి. మెట్ల కింద మీటర్లు ఉన్నయి. వాన పడితే గోడ షాక్ కొడ్తది. ఆడమనిషి ఎట్ల పండుకుంటది సార్? బట్టలు మార్చుకునుడు కష్టమైతది.”

“నాదేముంది? అందరు కల్సి అనుకున్నరు.”

“పైన టెర్రస్ మీద రూము ఖాళీనే ఉంది సార్. సామాను ఆడ పెట్టొచ్చు.”

పద్మనాభం లేసు ముడి వేసి లేచాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ మీద వేలితో రాసి, వేలు చూసుకున్నాడు. దుమ్ము లేదు.

“చూడు. రేపు గేటు కాడ నువ్వు సక్కగ నిలవడు. ఎవలొచ్చినా, ఏం చెప్పినా తియ్యొద్దు. గట్టిగ ఉన్నవంటే నేనే కమిటీల చెప్త. సామాను పైన పెడ్తరు, రూము నీకే ఉంటది. ఉత్తగ నిలవడ్డవంటే మాత్రం నన్ను అడగకు.”

బిక్షం తడి బట్టను రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు. అతని ముఖంలో మొదటిసారి వెలుగు వచ్చింది.

“నేను కట్టు కాడ నిలవడ్డోన్నే సార్. మా ఊర్ల బొడ్రాయి పండుగకు పొలిమేర కడ్తరు. కట్టినంక లోపలోడు బయటికి పోవద్దు, బయటోడు లోపలికి రావద్దు. మా మేనమామ బండి కట్టుకొని వస్తే సుత రానియ్యలే నేను. పొలిమేర కాడ్నే కూసున్నడు, పొద్దంత.”

“గట్లనే ఉండాలె,” అని పద్మనాభం వెళ్లిపోయాడు.

సాయంత్రం సామాను తీశారు. మంచం నిలబెట్టి మీటర్ల పక్క గోడకు ఆనించారు. పొయ్యి, గిన్నెలు, బిందె, ట్రంకు పెట్టె మెట్ల కిందికి చేరాయి. ఎల్లమ్మ పటం తీసిన చోట గోడ తెల్లగా చదరంగా మిగిలింది. బియ్యం బస్తాలు, నీళ్ల క్యాన్లు లోపలికి వచ్చాయి. గొడ్డళ్లు, గడ్డపారలు తలుపు పక్కన పేర్చారు.

“ఒక్క రోజే. రేపు నేను సక్కగ నిలవడ్తే రూము మనకే,” అన్నాడు బిక్షం. “సార్ మాట ఇచ్చిండు.”

“సార్ మాట.” విజయమ్మ కారం డబ్బా మూత బిగించి, గుడ్డలో కట్టి, గిన్నెల మధ్య పెట్టింది. “రేపు మిరుగు కార్తె, చేపలు తినే దినం. పొద్దున్నే మోండా మార్కెట్‌కు పోయి చేపలు తెస్త. మెట్ల కింద పండుకున్నా సరే, చేపల పులుసు తిని పండుకుంట.”

“జెల్ది రా మరి. గేటు కడ్తరు.”

ఆమె తలెత్తి అతన్ని చూసింది.

*

ఆదివారం మబ్బు విడిపోయింది. వానకు ముందు వచ్చే ఎండ, నెత్తి మీద దెబ్బలాంటి ఎండ. అభిరామ్ చిన్న గేటును ఇనుప తీగతో తనే చుట్టి బిగించాడు. పెద్ద గేటుకు బిక్షం గొలుసు వేసి తాళం వేశాడు. తాళంచెవి మెడలో దారానికి కట్టుకున్నాడు. అతనికి మెరిసే పచ్చ చొక్కా ఒకటి ఇచ్చారు, పొడుగాటి వెదురు కర్ర ఇచ్చారు. కర్ర నేలకు ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, గేటుకు లోపల నిలబడ్డాడు. పై బాల్కనీల నుంచి పిల్లలు చేతులూపారు.

పాలతను వచ్చాడు. రానివ్వలేదు. ఇస్త్రీ బట్టల కాలేబు మూట భుజాన వేసుకొని వచ్చి, “ఏందన్నా, నన్ను సుత గుర్తు పడ్తలేవా?” అన్నాడు. “ఇయ్యాల ఎవలూ రావద్దు,” అన్నాడు బిక్షం. పైనుంచి పద్మనాభం బొటనవేలు చూపించాడు. బిక్షం భుజాలు ఇంకొంచెం నిలబడ్డాయి.

ఎండ కానుగ చెట్టు పైకి ఎక్కాక విజయమ్మ వచ్చింది. చేతిలో సంచి. సంచి అడుగు తడిసి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. చెంపల మీద చెమట.

“తియ్యి. మిరుగు గదా, ఊరు ఊరంత మార్కెట్‌లనే ఉంది. నిలవడ జాగ లేదు. బస్సు సుత దొరకలే.”

బిక్షం గొలుసు దాకా చెయ్యి చాపాడు. చెయ్యి అక్కడే ఆగింది. తలెత్తి పైకి చూశాడు. బాల్కనీలో పద్మనాభం చేతులు కట్టుకొని చూస్తున్నాడు.

“కట్టిన్రు,” అన్నాడు బిక్షం. “పొద్దుగూకేదాకా.”

“ఏంది?”

“పొద్దుగూకేదాకా తియ్యొద్దు అన్నరు.”

“నేను. విజయమ్మను. నన్ను సూడు.”

అతను తాళాన్ని చూశాడు.

“రూము కోసమా?” అంది ఆమె మెల్లగా.

“ఊకో. జెర ఓపిక పట్టు. ఇయ్యాల ఒక్కరోజు.”

అభిరామ్ పిల్లలతో కలిసి కిందికి వచ్చాడు. చేతిలో గొడ్డలి ఉంది. “విజయమ్మా, డ్రిల్ నడుస్తోంది. కొంచెం సేపు ఎక్కడైనా కూర్చో, ప్లీజ్. బిక్షం, సూపర్. అచ్చం ఇట్లాగే ఉండాలి.” పిల్లల్లో ఒకడు గేటు ఊచల్లోంచి కర్ర బయటికి పెట్టి విజయమ్మ మీదికి ఊపాడు. “జాంబీ! జాంబీ!” అన్నాడు. కర్ర చివర ఆమె సంచికి తగిలింది. ఆమె సంచిని రెండో చేతికి మార్చుకుంది.

“మన ఊర్ల కట్టు కట్టేముందు ఏం చేస్తరో యాదికున్నదా నీకు?” అంది మొగుడితో. పిల్లవాడి వైపు చూడనే లేదు. “ఊరంత డప్పు కొట్టి చెప్తరు. పొలం కాడోళ్లను పిలుస్తరు. పెండ్లి చేసి పంపిన ఆడబిడ్డలను, ఏ ఊర్ల ఉన్నా, మనిషిని పంపి తోల్కొస్తరు. అందరు లోపలికొచ్చిన్రా లేదా అని ఇల్లిల్లు అడుగుతరు. గప్పుడు కడ్తరు. నువ్వేమో పెండ్లాం మార్కెట్‌ల ఉంటె కట్టినవ్.”

బిక్షం కర్ర మీద చెయ్యి మార్చాడు.

ఆమె గేటు పక్కన కానుగ నీడ కోసం చూసింది. నీడ చెట్టు మొదట్లోకి ముడుచుకొని ఉంది. గేటు స్తంభానికి ఆనుకొని కింద కూర్చుంది. చేపల సంచి మీద కొంగు కప్పింది. అది ఎండ ఆపదని ఆమెకూ తెలుసు.

చాలాసేపు అట్లాగే గడిచింది. బిక్షం గేటుకు లోపల, విజయమ్మ బయట, మధ్య ఊచలు. తల తిప్పకుండానే ఆమె చెప్పుల కొసలు కనిపిస్తున్నాయి. సంచి లోంచి కారిన నీళ్లు ఫుట్‌పాత్ మీద చారగా సాగి, ఎండి, తెల్లబడ్డాయి. ఈగలు వచ్చాయి. ఆమె తోలింది. మళ్లీ వచ్చాయి. బిక్షంకు మెడ వెనక, పుర్రె మొదట్లో, చల్లగా అనిపించింది. చేత్తో రుద్దుకున్నాడు.

స్కూటీ మీద బిర్యానీ వచ్చింది. పెద్ద పెద్ద పార్సిళ్లు. అభిరామ్ ఉరికొచ్చాడు.

“ఫుడ్ వేరే. ఊచల్లోంచి తీసుకుందాం, గేట్ తెరవట్లేదు కదా.”

డబ్బాలు ఊచల్లో పట్టలేదు. స్కూటీ అబ్బాయి బండి సీటెక్కి గేటు పైనుంచి అందించాడు. ఒక్కొక్కటి విజయమ్మ తల మీది నుంచి లోపలికి వెళ్లింది. మసాలా వాసన కిందికి దిగింది. ఆమె తల ఎత్తలేదు.

వాళ్లు సెల్లారులో కుర్చీలేసుకొని డబ్బాలు విప్పుతుండగా బయట హారన్ కొట్టింది. బిక్షం మోకాలు దానంతట అదే ముందుకొచ్చింది. అతను దాన్ని ఆపుకున్నాడు. తెల్ల కారు. లోపల అభిరామ్ భార్య రాధిక, పుట్టింటికి వెళ్లి వస్తోంది. హారన్ మళ్లీ కొట్టింది.

“బిక్షం, తెరువు,” అని లోపలి నుంచి అభిరామ్ కేక వేశాడు.

“పొద్దుగూకేదాకా అన్నరు గద సార్.”

“రాధిక వచ్చింది. తెరువు.”

“ఎవలొచ్చినా తియ్యొద్దు అన్నరు సార్.”

అభిరామ్ చేతిలో డబ్బా కింద పెట్టి వచ్చాడు. “బిక్షం, అది మా ఆవిడ.”

బిక్షం కర్ర వదల్లేదు. అతని గొంతు మామూలుగానే ఉంది.

“మా ఆమె సుత ఆడ్నే ఉంది సార్.”

సెల్లారులో స్పూన్ల చప్పుడు ఆగింది. లీలాకుమారి ఇటు చూసి, కళ్లు డబ్బాలోకి దించుకుంది. పద్మనాభం చెయ్యి నాక్కుంటూ వచ్చాడు.

“ఏం మాట్లాడుతున్నవ్? ఆమె ఎండల కారుల కూసోవాల్నా? తియ్యి.”

“నువ్వే చెప్పినవ్ సార్.”

“ఇప్పుడు నేనే చెప్తున్న. తియ్యి!”

బిక్షం కదలలేదు. అభిరామ్ ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపి బిక్షం మెడలోని దారాన్ని పట్టి లాగాడు. దారం మెడ వెనక కోసుకుపోయి తెగింది. తాళం తీసి, గొలుసు వదిలేసి, గేటు తనే నెట్టాడు. ఎప్పుడూ నెట్టనివాడు కాబట్టి సగంలో ఇరుక్కుంది. భుజం పెట్టి మళ్లీ నెట్టాడు.

కారు లోపలికి వచ్చింది. గేటు దగ్గర రాధిక అద్దం దించింది. ఆమెకు ఏమీ తెలియదు.

“ఏంటి విజయమ్మా, ఎండలో కూర్చున్నావ్?”

“చేపలకు కావలి ఉన్నమ్మా.”

కారు వెళ్లి ఆగింది. “సరే, లంచ్ బ్రేక్. తిన్నాక మళ్లీ మూద్దాం,” అన్నాడు అభిరామ్ అందరికీ వినపడేట్టు. గేటు తెరిచే ఉంది. తాళం గొలుసుకు వేలాడుతోంది, తాళంచెవి దానికే ఉంది. “నువ్వూ రా లోపలికి,” అన్నాడు విజయమ్మతో, ఆమె వైపు చూడకుండా.

ఆమె లేవలేదు. తెరిచిన గేటు పక్కన, అదే స్తంభానికి ఆనుకొని, అట్లాగే కూర్చుంది.

బిక్షం ఆమెను చూశాడు. పొద్దుటి నుంచి మొదటిసారి తిన్నగా చూశాడు. చెంపలు కమిలి ఉన్నాయి. చెప్పు తెగిన చోట పిన్నీసు పెట్టుకొని ఉంది. అది ఎప్పుడు తెగిందో అతనికి తెలియదు.

కర్రను గోడకు ఆనించాడు. పచ్చ చొక్కా విప్పి, మడిచి, కర్ర మీద వేశాడు. మెట్ల కిందికి వెళ్లాడు. పొయ్యి, చిన్న సిలిండర్ బయటికి తెచ్చాడు. మళ్లీ వెళ్లి గిన్నెలు, అన్నం తపేలా, నీళ్ల బిందె తెచ్చాడు. కారం డబ్బా ఉన్న గుడ్డ మూట, చింతపండు, ఎల్లమ్మ పటం. వచ్చిపోయే ప్రతిసారీ బిర్యానీ తింటున్న వాళ్ల కుర్చీల మధ్య నుంచే వెళ్లాడు. వాళ్లు కాళ్లు ముడుచుకొని దారిచ్చారు. స్తంభానికి కట్టిన అపార్టుమెంటు బొమ్మ అట్ట విప్పి దాన్నీ చంకలో పెట్టుకున్నాడు.

ఆఖరిసారి బయటికొచ్చి గేటు దగ్గరికి లాగాడు. రెండు రెక్కలూ కలిసేదాకా లాగాడు. గొలుసు ఊచల్లోంచి బయటికి తీసి, చుట్టి, తాళం బయటి వైపు వేశాడు. తాళంచెవి తీసి, పొయ్యి కింద పెట్టిన ఇటుక మీద, అందరికీ కనపడేట్టు పెట్టాడు.

తాళం చప్పుడు విని పద్మనాభం వచ్చాడు. చేతిలో ఎముక ఇంకా ఉంది.

“ఏం చేస్తున్నవ్ ర?”

“కట్టు సార్. పొద్దుగూకినంక తీస్త.”

“పాగల్ గిట్ల అయినవా? తియ్యి!”

బిక్షం అట్టను పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెట్టాడు. బొమ్మలోని మెట్లు, లిఫ్టు, ట్యాంకు తలకిందులుగా నిలబడ్డాయి. అగ్గిపుల్ల గీశాడు.

“ఈ రూము లేదు, ఏం లేదు. రేపటి సంది నువ్వు ఈ గేటు కాడ కనవడొద్దు. ఇనవడుతుందా?”

“సరే సార్,” అన్నాడు బిక్షం. అన్నం గేటు కాడ కూసోని తినమన్నప్పుడు అన్నట్టే అన్నాడు.

అభిరామ్ వచ్చి ఊచలు పట్టుకున్నాడు. తాళాన్ని చూశాడు. వెనక్కి తిరిగి, గది తలుపు పక్కన పేర్చి ఉన్న గొడ్డళ్లను చూశాడు. మళ్లీ బిక్షం వంగిన మెడను చూశాడు, దారం కోసిన ఎర్రటి గీతను. అతని చేతులు ఊచల మీద నుంచి జారాయి. లోపలికి వెళ్లిపోయాడు. పిల్లలు మాత్రం గేటు లోపల వరసగా నిలబడి చూస్తున్నారు. ఎవరూ జాంబీ అనలేదు.

విజయమ్మ సంచి విప్పింది. ముక్కలు ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. నడుస్తది అన్నట్టు తల ఊపింది, తనకు తనే. ఉప్పు, పసుపు వేసి రుద్ది, రెండుసార్లు కడిగింది. బిక్షం చింతపండు పిసికాడు. ఆమె అడగకుండానే గరిటె ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. అతని వైపు చూడలేదు. పులుసు మరిగి వాసన లేచింది. ఊచలు దాటి, సెల్లారు దాటి, మెట్ల మీదుగా పైకి పోయింది.

రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసి పోతున్నారు. కాలేబు అటే వచ్చి, మూట దించి, ఏదో అడగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, మూట ఎత్తుకొని వెళ్లిపోయాడు.

ఆమె రెండు పళ్లాల్లో అన్నం పెట్టింది. పులుసు పోసింది. తలకాయ ముక్క తన పళ్లెంలో వేసుకుంది. ఎప్పుడూ అతనికి వేసే ముక్క అది. అతనికి తోక వేసింది. బిక్షం తోక తీసుకున్నాడు. ఇద్దరూ గేటుకు వీపులు ఆనించి, రోడ్డు వైపు ముఖాలు పెట్టి కూర్చున్నారు. మొదటి ముద్ద కలిపాడు. నోటి దాకా తెచ్చాడు.

వెనక, గేటు లోపల, కారు హారన్ కొట్టింది. పొడుగ్గా, ఆపకుండా కొట్టింది.

అతని మోకాలు లేచింది. విజయమ్మ ఎడమ చెయ్యి వచ్చి ఆ మోకాలి మీద పడింది. నొక్కలేదు. ఉంచింది. అతను మోకాలిని, దాని మీది ఒరిసిన వేళ్లను చూశాడు. కాలు నెమ్మదిగా చాపి కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

హారన్ కొడుతూనే ఉంది. ఆమె తలకాయ ముక్కను విరిచి, సగం అతని పళ్లెంలో వేసింది. ఇద్దరూ ముళ్లు ఏరి పళ్లెం అంచున పెడుతూ, మెతుకు మిగలకుండా తిన్నారు.